నీరంటని వస్త్రము: చార్లెస్ మాకింటాష్ జీవితకథ

కర్నూలు జిల్లాలో పత్తికొండ పేరు చెప్పగానే పెద్దలకు మన్రో దొర జ్ఞప్తికి వచ్చును. దత్తమండలములకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి, పిదప చెన్నపట్నమునకు గవర్నరై, 1827 జూలై 6వ తేదీన ఆ పత్తికొండలోనే కలరా సోకి మరణించిన సర్ థామస్ మన్రోను గూర్చి మన విద్యార్థులు కొంతయైనను వినియుందురు. ఆయన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున 1761లో పుట్టి, అచ్చటి విశ్వవిద్యాలయమున గణితము, రసాయన శాస్త్రము ఇష్టముతో చదివి, ఒక వర్తకుల కచ్చేరిలో గుమాస్తాగా చేరి, ఆ కొలువు విడిచి సైనికుడై మన దేశమునకు వచ్చెను. అదే నగరమున, ఆయనకు అయిదేండ్ల తరువాత పుట్టి, ఆయనవలెనే రసాయన శాస్త్రముపై మనసుపడి, ఆయనవలెనే కచ్చేరి గుమాస్తాగా బ్రతుకు ప్రారంభించిన మరియొకడు కలడు. ఆయన మన సీమకు రాలేదు. ఆయన పేరు మాత్రము వచ్చినది. ఆసుపత్రులలో రోగి పడకపై పరచు రబ్బరు గుడ్డను నర్సులు నేటికిని మాకింటాష్ అనియే పిలుతురు. అది ఒక మనుష్యుని పేరని ఎరిగినవారు తక్కువ.

రాయలసీమవారికి వానకోటుతో ఏమి పని యని చదువరులు నవ్వవచ్చును. కర్నూలు, కడప జిల్లాలలో ఏడాదికి పడు వాన సగటున 700 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. కాని ఆ వాన ఏడాది పొడుగున సన్నగా పడునది కాదు. కొలది దినములలో కుండపోతగా కురిసి పోవునది. ఆ కొలది దినములలోనే మార్కెట్టు యార్డులోని ఉల్లిగడ్డల రాసులు, కళ్లములోని వేరుసెనగ కాయలు తడిసి చెడును. గుక్కెడు నీటికై ఏడాదంతయు ఎదురుచూచిన రైతే ఆ పూట నీటిని ఆపుటకు పట్టలు వెదకికొనును. చెట్టు నీడయైనను లేని బయలులో మందవెంట నడచు కురుబ కాపరికి మాత్రము ఈ చింత తక్కువ. ఆయన భుజముపై గొంగళి ఉన్నది. నల్ల గొఱ్ఱెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన ఆ గొంగళిని ఒక అంచున ముడిచి తలపై టోపివలె కప్పుకొని ఆయన వానలో నిలుచును. నీరు నూలులో ఇంకక బొట్లుబొట్లుగా జారిపోవును. గొఱ్ఱె చర్మమునుండి ఊరి ఉన్నికి అంటియుండు కొవ్వే దీనికి ముఖ్యకారణము. చాకిరేవున మాటిమాటికి ఉతికినచో ఆ కొవ్వు పోవును. అందుచేతనే గొంగళిని తెలిసినవాడు ఊరక ఉతుకడు. నీరంటని వస్త్రమునకు సంబంధించిన చిక్కు అంతయు ఇందులోనే ఉన్నది. మొదటి దినమున నీరు జారిపోవుట గొప్ప కాదు. నూరవ దినమున, నూరు ఉతుకుల పిదప, జారునా లేదా అనునదే ప్రశ్న. మాకింటాష్ తన జీవితములో రెండవ సగమంతయు ఈ ప్రశ్నతోనే పెనుగులాడెను.

చార్లెస్ మాకింటాష్ 1766 డిసెంబరు 29వ తేదీన జన్మించెను. తండ్రి జార్జి మాకింటాష్ రంగుల వ్యాపారి. మనము వంటలో మసాలాకు వాడు రాతిపువ్వు వంటి నాచుజాతులనుండి ఊదారంగు తీయు కర్మాగారము ఆయనకు గ్లాస్గోలోని డన్‌చాటన్ వద్ద ఉండెను. రహస్యము బయటికి పొక్కకుండుటకై దాని చుట్టు ఎత్తైన గోడ కట్టించి, ఇంగ్లీషు రాని కొండప్రాంతపు కూలీలనే పనిలో పెట్టుకొనెను. రాతిపువ్వునుండి రంగు దిగవలెనన్న అమ్మోనియా కావలెను. ఆ కాలమున అమ్మోనియాకు దొరకు చవకైన వస్తువు మనుష్యుల మూత్రము. ఇంటింట తిరిగి దానిని పీపాలలో కొని తెచ్చెడివారు. పిల్లవాడు చార్లెస్ పెరిగినది ఈ వాసనల నడుమ. ఇది చెప్పుటకు సంకోచపడవలసిన పని లేదు. ఈ అమ్మోనియా వెదకులాటయే కడకు ఆయనను వానకోటు దగ్గరకు చేర్చినది.

గుమాస్తాగా లెక్కలు వ్రాయుచునే ఆయన తీరిక దొరికినప్పుడెల్ల రసాయన శాస్త్రోపన్యాసములు వినబోవుచుండెను. గ్లాస్గోలో ఇర్విన్ వద్దను, ఎడింబరోలో సుప్రసిద్ధుడైన జోసెఫ్ బ్లాక్ వద్దను విద్య నేర్చెను. ఇరువది ఏండ్లు నిండకమునుపే గుమాస్తాగిరికి స్వస్తి చెప్పి నవాసాగరము తయారు చేయ నారంభించెను. అంతవరకు హాలండునుండి దిగుమతి యగుచుండిన సీసపు చక్కెరను స్వదేశముననే చేసి చూపెను. 1797లో హర్లెట్ అను చోట స్కాట్లండులోని మొదటి పటిక కర్మాగారమును స్థాపించెను. బట్టలను తెల్లబరచు బ్లీచింగు పొడి విషయమున టెన్నెంటు అనువానితో కలసి పనిచేసెను. 1799 నాటి ఆ పేటెంటు టెన్నెంటు పేరనే ఉన్నను, పొడి రూపమున దానిని సాధించుటలో మాకింటాష్ చేయి పెద్దదని అనేకులు తలతురు.

పటికను గూర్చి ఒక్క మాట. మన కలంకారీవారు గుడ్డపై ఎఱ్ఱరంగు నిలుచుటకు మొదట పటిక నీరు పట్టింతురు. పటికలోని అల్యూమినియము ఒకవంక నూలును, ఒకవంక రంగును పట్టుకొని రెంటిని ముడివేయును. మాకింటాష్ ఇదే పనికి అల్యూమినియము అసిటేటు అను లవణమును పెద్దయెత్తున తయారు చేసి అద్దకపువారికి అమ్మెను. ఈ లవణమును చదువరులు గుర్తుంచుకొనవలెను. దీని కథ మరల వచ్చును.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున గ్లాస్గో వీధులలో బొగ్గువాయువు దీపములు వెలిగినవి. బొగ్గును కాల్చి వాయువు తీయగా మిగులు తారును, అమ్మోనియా కలిసిన నీటిని ఎచ్చట పారబోయవలెనో తెలియక వాయువు కంపెనీ తికమకపడుచుండెను. 1819లో మాకింటాష్ ఆ చెత్తనంతయు తాను కొందునని ఒప్పందము చేసికొనెను. ఆయనకు కావలసినది రంగు కర్మాగారమునకు అమ్మోనియా. తారు దానివెంట వచ్చి పడిన బరువు. ఊరక పారవేయ మనసొప్పక ఆయన తారును మరిగించి చూచెను. నాఫ్తా అను తేలికైన తైలము దిగెను. దీనితో ఏమి చేయవలెనని ఆలోచించుచుండగా రబ్బరు తట్టెను.

రబ్బరు అప్పటికి ఐరోపాకు కొత్త వస్తువు కాదు. దక్షిణ అమెరికాలోని అడవివాసులు ఆ చెట్టుపాలను గుడ్డలకు పూసి వాననుండి కాచుకొనుచుండిరి. అయితే ఆ పాలు గడ్డకట్టి ఓడలో ఐరోపా చేరునప్పటికి మరల కరుగవు. కర్పూర తైలము వంటి వానిలో కరిగించినచో పూత ఎన్నటికిని ఆరక జిగటగానే ఉండెడిది. నాఫ్తాలో మాత్రము రబ్బరు చక్కగా కరిగి, నాఫ్తా ఆవిరియై పోగా వెనుక రబ్బరు పొర మిగిలెను. న్యాయముగా చెప్పవలెనన్న, తారు నాఫ్తా రబ్బరును కరిగించునను సంగతిని 1818లో ఎడింబరోలో జేమ్స్ సైమ్ అను వైద్యవిద్యార్థి ముందే కనుగొని ప్రకటించెను. పేటెంటునకు ఆతడు పూనుకొనలేదు. పిమ్మట గొప్ప శస్త్రవైద్యుడయ్యెను. మాకింటాష్ గొప్పతనము కరిగించుటలో లేదు, కూర్చుటలో ఉన్నది. జిగటపొరను పైకి కనబడనీయక రెండు గుడ్డల నడుమ ఓళిగలో పూర్ణమువలె ఇమిడ్చి అదిమెను. చేతికి అంటునది గుడ్డయే, నీటిని ఆపునది లోని రబ్బరు. ఇంత తేలిక ఉపాయము అంతకుముందు ఎవరికిని తోచకపోవుట వింత. 1823 జూన్ 17వ తేదీన 4804వ సంఖ్యతో దీనికి పేటెంటు లభించెను. అదే యేట ఆయన రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యెను. అప్పటికి ఆయన వయస్సు ఏబది ఆరు.

మరుసటి యేడు మాంచెస్టరులో కర్మాగారము లేచెను. పత్తిమిల్లుల యజమానులైన బిర్లీ సోదరులు భాగస్వాములైరి. వారిలో పెద్దవాడైన హ్యూ బిర్లీ 1819లో పీటర్లూ మైదానమున నిరాయుధ జనసమూహముపైకి దూకిన అశ్వదళమునకు నాయకుడు. జనము ఈసడించినవాని ధనముతోనే జనమును వాననుండి కాచు వస్త్రము తయారగుట చరిత్రలోని వింతలలో ఒకటి. లండనులో రబ్బరుపని చేయుచుండిన థామస్ హాంకాక్ అను నేర్పరి 1825లో వారితో ఒప్పందము కుదుర్చుకొని, కొంతకాలమునకు భాగస్వామియే అయ్యెను. రబ్బరు తునకలను నమిలి మెత్తని ముద్దగా మార్చు యంత్రమును ఆతడే కల్పించెను. ఉత్తరధ్రువ ప్రాంతమునకు 1825లో బయలుదేరిన జాన్ ఫ్రాంక్లిన్ బృందము ఈ గుడ్డ కప్పిన చిన్న మడత పడవనొకదానిని వెంట గొనిపోయెను.

ఇక చిక్కులు ఆరంభమైనవి. మొదటి శత్రువు దర్జీ. నీరు చొరని గుడ్డను ఆతడు అలవాటు చొప్పున సూదితో కుట్టెను. ప్రతి కుట్టును ఒక రంధ్రమే కదా! భుజము వెంట, వీపు వెంట నీరు దారలుగా దిగెను. నింద దర్జీపై పడలేదు, గుడ్డపై పడెను. తుదకు కంపెనీయే కోట్లు కుట్టించి, కుట్లపై రబ్బరు పూత వేయించి అమ్మవలసి వచ్చెను. రెండవది వాసన. బండిలో మాకింటాష్ తొడిగినవాడు ఎక్కినచో తక్కినవారు ముక్కు మూసికొనెడివారట. వైద్యులు కొందరు చెమట బయటికి పోనీయని ఈ కోటు ఆరోగ్యమునకు చేటని చెప్పిరి. అందు కొంత నిజమును లేకపోలేదు. నీటి బొట్టును ఆపిన పొర చెమట ఆవిరిని కూడ ఆపును.

వీనినన్నిటిని మించినది మన్నిక. పచ్చి రబ్బరు పొడవైన గొలుసులవంటి అణువుల ముద్ద. ఆ గొలుసుల నడుమ ముడులు లేవు. చలిలో అవి బిగుసుకొని కోటు అట్టవలె నిలుచును. ఎండలో ఒకదానిపై ఒకటి జారి కోటు బంకయగును. స్కాట్లండు వేసవియే దానికి ఎక్కువైనప్పుడు మన సంగతి చెప్పనేల? మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటు కడపలో, మిట్టమధ్యాహ్నమున ఒక నాపరాతి బండపై ఆనాటి మాకింటాష్ కోటును మడిచి పెట్టినచో సాయంకాలమునకు మడత విప్పుట సాధ్యము కాకపోవును. అంతకంటె విచిత్రమైనది ఉన్ని సంగతి. ఉన్ని గుడ్డల నడుమ రబ్బరు పెట్టినచో కోటు త్వరగా చెడిపోవుచుండెను. గొఱ్ఱె కొవ్వు రబ్బరును తినివేయుచున్నదని తేలెను. కురుబ కాపరి గొంగళిని కాపాడు కొవ్వే మాకింటాష్ కోటుకు విషమయ్యెను! నీటిని తోలు పదార్థములు రెండు ఒకచోట చేరి ఒకదానినొకటి చెరపుకొన్నవన్నమాట.

1836లో పేటెంటును అనుకరించినవారిపై వేసిన వ్యాజ్యెములో ఆయన పక్షముననే తీర్పు వచ్చెను. హక్కు నిలిచినది గాని గిరాకి నిలువలేదు. రైలుబండ్లు వచ్చి, బండిపై కూర్చుండి వానలో తడియు ప్రయాణికుల సంఖ్య తగ్గిపోయెను. మాకింటాష్ అప్పటికే ఇనుము పనిపైకి కూడ దృష్టి మరల్చియుండెను. కొలిమిలోనికి చల్లని గాలికి మారుగా వేడిగాలిని ఊదు విధానమునకు 1828లో నీల్సన్ పేటెంటు పొందగా అందులో ఈయన భాగస్వామి. స్కాట్లండు ఇనుప పరిశ్రమను అది పెంచినంతగా వానకోటు దేనిని పెంచలేదు. అయినను లోకము వానకోటునే తలంచుకొనును.

ఇచ్చట అల్యూమినియము అసిటేటు కథకు మరలుదము. మాకింటాష్ పోయిన పిదప ఆ శతాబ్దిలోనే అద్దకపువారు వేరొక ఉపాయమును వాడుకలోనికి తెచ్చిరి. గుడ్డను సబ్బునీటిలోను, అల్యూమినియము లవణపు నీటిలోను ముంచినచో నూలుపోగులపై నీటిలో కరగని అల్యూమినియము సబ్బు పేరుకొనును. దానికి మైనము చేర్చినచో మరింత మేలు. ఇది గుడ్డ రంధ్రములను మూయదు. ప్రతి పోగును తామరాకువలె చేయును. నీరు బొట్లుగా జారిపోవును, గాలి, చెమట ఆవిరి లోపలినుండి వెలుపలికి పోవును. తాను జీవితమంతయు పీపాలకొలది అమ్మిన లవణములోనే వానకోటు రెండవ దారి ఉన్నదని మాకింటాష్‌నకు తోచలేదు. అయితే ఈ పూతకును మన్నిక లేదు. నాలుగు మారులు చాకలి చేతిలో పడినచో సబ్బుతో కూడ కొట్టుకొనిపోవును.

ఇరువదవ శతాబ్దిలో నైలాను, పాలియెస్టర్ వచ్చినవి. 1938లో అమెరికాలో ప్లంకెట్ అను శాస్త్రజ్ఞుడు ఫ్లోరిన్ కలిసిన టెఫ్లాన్‌ను యాదృచ్ఛికముగా కనుగొనెను. 1953లో పాట్సీ షెర్మన్, శామ్యూల్ స్మిత్ అనువారు పనిచేయు ప్రయోగశాలలో ఫ్లోరిన్ ద్రవము ఒక బూటుపై ఒలుకగా, పడిన చోట నీరు గాని నూనె గాని అంటలేదు. అనేక ఉతుకులకు నిలుచు పూత దొరికినదని అందరును సంతసించిరి. ఆ మన్నికయే పిదప దోషమయ్యెను. కర్బన ఫ్లోరిన్ బంధము అంత గట్టిది. ఆ పదార్థములు నేలలో, నీటిలో, తుదకు మనుష్యుల రక్తములో చేరి కరగక నిలిచిపోవుచున్నవని తెలిసినది. వానిలో ఒకదానిని 2019లో స్టాక్‌హోం అంతర్జాతీయ ఒడంబడిక నిర్మూలింపవలసినవానిలో చేర్చెను. అమెరికాలోని కాలిఫోర్నియా, న్యూయార్కు రాష్ట్రములు 2025 జనవరి 1 నుండి దుస్తులలో ఈ జాతి పదార్థముల వాడుకను నిషేధించినవి.

అందుచేత నేటి కర్మాగారములు మరల మైనమును, సిలికోనును, కొవ్వుజాతి గొలుసులను ఆశ్రయించుచున్నవి. అనగా కురుబ గొంగళి దారికే వచ్చినవి. చిక్కు మాత్రము పాతదే. నూలు పోగులో పూతను పట్టుకొనుటకు రసాయనికముగా చేతులవంటివి ఉన్నవి. పాలియెస్టర్ పోగు నున్నగా, చేతులు లేనిదై ఉండును. దానిపై పూతను నిలుపుటకు వేరొక బంధకమును కలిపి వేడిపై పట్టింపవలెను. అయినను రాపిడివలన, ఉతుకువలన అది క్రమముగా అరిగిపోవును. సబ్బు సరిగా జాడింపకున్నచో దాని శేషము గుడ్డపై నిలిచి నీటిని పిలుచును. మరియు ఫ్లోరిన్ లేని పూత నీటిని తోలును గాని నూనెను తోలదు. తలనూనె, మెడ చెమట అంటు కాలరు దగ్గరనే అది ముందుగా ఓడిపోవును. కొవ్వు చేత మాకింటాష్ కోటు చెడిన సంగతి చదువరులకు జ్ఞప్తికి రావచ్చును.

దీనిని కొలుచుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. గుడ్డను చట్రమునకు బిగించి 45 డిగ్రీల వాలున నిలిపి, 15 సెంటీమీటర్ల ఎత్తునుండి 250 మిల్లీలీటర్ల నీటిని జల్లెడ మూతిద్వారా చల్లుదురు. పిదప చట్రమును తట్టి, ఎంత మేర తడిసినదో చూచి మార్కులు వేయుదురు. ఏమాత్రము తడియనిదానికి 100. అదే గుడ్డను అయిదు, పది, ఇరువది మారులు ఉతికి మరల పరీక్షింతురు. ఉపాధ్యాయ మిత్రులు దీనిని తరగతిలోనే చేయింపవచ్చును. కొత్త గొడుగు గుడ్డ ముక్క, పాత గొడుగు గుడ్డ ముక్క, ఒక గొంగళి పేలిక, పూల చెంబు ఉన్నచో చాలును. ఉతికి చక్కగా జాడించిన ముక్కను కొద్ది వేడి ఇస్త్రీతో తాకించినచో, చెదరిన పూత గొలుసులు మరల నిలబడి కొంత గుణము తిరిగి వచ్చును. పిల్లలు పట్టికలు వేసి చూచుకొనవచ్చును.

మాకింటాష్ చివరి సంవత్సరములు డన్‌చాటన్‌లోని తండ్రినాటి ఇంటనే గడచెను. అమెరికాలో చార్లెస్ గుడియర్ అను నిరుపేద రబ్బరులో గంధకము కలిపి కాచినచో అది ఎండకు కరగక, చలికి బిగియక ఉండునని 1839లో కనుగొనెను. గంధకము ఆ గొలుసుల నడుమ వంతెనలు కట్టును. గుడియర్ రబ్బరు తునకలు కొన్ని 1842లో ఇంగ్లండు చేరి హాంకాక్ చేతిలో పడెను. గంధకము జాడ పసిగట్టి హాంకాక్ ఏడాదికి పైగా రహస్యముగా ప్రయోగములు చేయుచుండెను. మాకింటాష్ 1843 జూలై 25వ తేదీన మరణించెను. గ్లాస్గో ప్రధాన దేవాలయపు ఆవరణలో ఆయనను సమాధి చేసిరి. హాంకాక్ పేటెంటు దరఖాస్తు 1843 నవంబరు 21వ తేదీన పడెను. నాలుగు మాసములు నిండలేదు.

ఆ పిమ్మట మాంచెస్టరు కర్మాగారమునుండి వచ్చిన కోట్లు కరగలేదు, బిగియలేదు. కంపెనీ ఆయన పేరుననే చాలకాలము నడచెను. ఆంగ్ల నిఘంటువులలో వానకోటునకు ఆయన పేరే పెట్టిరి గాని, ఆ పేరు నడుమ ఆయన తన జన్మలో వ్రాసికొనని కకారమునకు అక్షరమొకటి అదనముగా చేర్చిరి.